చల్లని ఇంజను తొలి నిమిషాలు

పెట్రోలుతో నడిచే బండి గుణదోషాలు తెలియగోరేవారు దానిని చలికాలపు ఉదయం పూట, రాత్రంతా ఆరుబయట నిలిచి చల్లారిన తరువాత చూడవలె. నిన్న సాయంకాలం ఏ తొట్రుపాటూ లేకుండా తిరిగిన ఇంజను ఉదయం వణకుతుంది, దగ్గుతుంది, ఒక్కొక్కప్పుడు ఆగిపోతుంది. రెండు మూడు నిమిషాలు గడిచి వేడెక్కగానే ఏమీ ఎరగనట్టు కుదుటపడుతుంది. మెకానిక్కు దగ్గరకు తీసుకొనిపోయేసరికి జబ్బు కనిపించదు. వైద్యుని గడప తొక్కగానే జ్వరం తగ్గిన రోగి వంటిది ఈ వ్యవహారం. బండి కదలకుండా నిలిచి ఉండగా ఇంజను తనంత తాను నెమ్మదిగా తిరగడాన్ని ఐడ్లింగ్ అనీ, ఆ తిరగడంలో ఏదో ఒక సిలిండరు తన వంతు తప్పడాన్ని మిస్సింగ్ అనీ మన షెడ్డులలో వాడుక. చల్లని వేళ ఐడ్లింగ్ కుదరకపోవడం చూడబోతే చిన్న చిక్కు. కాని దాని వెనుక మోటారు బండికి ఉన్నంత చరిత్ర ఉన్నది.

ఆ చరిత్రను మేము ఈ ప్రసంగంలో అమెరికా దేశపు పికప్ బండి ఆధారంగా చెప్పదలచినాము. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే గది, వెనుక సామాను వేసుకొనే తొట్టి కలిగిన ఈ బండి ఆ దేశపు రైతుకు, వడ్రంగికి, తాపీపనివానికి జీవనాధారం. ఇంటి కారుకు షెడ్డు దొరికినా పనిబండి చాలాచోట్ల మంచులోనే నిలుస్తుంది. అయినా తెల్లవారగానే అందరికంటె ముందు బయలుదేరవలసినది అదే. అందుచేత చల్లని ఇంజను బాధ తెలియాలంటే పికప్ బండిని మించిన సాక్షి లేదు. ఈనాడు ఆ బండి మూత ఎత్తి చూస్తే కనిపించే కవాటాలు, తీగలు, గొట్టాలు చాలావరకు ఒకనాటి చలి ఉదయం అడిగిన ప్రశ్నలకు ఎవరో వెదకి చెప్పిన జవాబులు. ఆ ప్రశ్న ఏమిటో తెలిసినవానికి లోపం దొరుకుతుంది. తెలియనివాడు ఒకదాని తరువాత ఒకటిగా సామాను మార్చుతూ పోతాడు. డబ్బు పోతుంది గాని వణుకు పోదు.

ముందుగా మూలకారణం చెప్పుకొందాము. ద్రవంగా ఉన్న పెట్రోలు మండదు. మండేది దాని ఆవిరి. మన ఇళ్లలో పంపు స్టవ్వు వాడిన పెద్దలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. బర్నరు వేడెక్కేదాకా ఆ స్టవ్వు నీలిమంట ఇచ్చేది కాదు; తొందరపడి పంపు కొడితే కిరసనాయిలు ఎగజిమ్మి పసుపుపచ్చని మంట, పొగ వచ్చేవి. ఇంజను సంగతీ అంతే. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావలె. వేడెక్కిన ఇంజనులో ఈ పాళ్లు సరిపోతాయి. చల్లని ఇంజనులో పెట్రోలు కొంత గొట్టాల గోడలకు, కవాటాల వెనుక భాగానికి చెమ్మవలె అంటుకొనిపోతుంది. సిలిండరులోకి చేరిన ఆవిరి మండడానికి చాలదు. కాబట్టి ఆ తొలి నిమిషాలలో పెట్రోలు ఎక్కువ పాళ్లలో పోయవలె. చల్లని నూనె చిక్కగా ఉండి కదిలే భాగాలను పట్టుకొంటుంది గనుక ఇంజనును మామూలుకంటె కొంచెం వడిగా కూడా తిప్పవలె. వేడెక్కుతున్నకొద్దీ ఈ రెండు సాయాలనూ క్రమంగా తీసివేయవలె. ఎంత పోయవలె, ఎప్పుడు మానవలె అన్న ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే మా కథ తిరుగుతుంది.

తొలినాటి బండ్లలో పెట్రోలు తొట్టి మీదుగా గాలిని పోనిచ్చి, ఆ గాలి వెంట వచ్చినంత ఆవిరిని ఇంజనుకు ఇచ్చేవారు. కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రాల బండి అటువంటిదే. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కుమారులతో మన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు ఆ బండి మీద ప్రయాణం చేసినది. దారిలో ఇంధనపు గొట్టం మూసుకొనిపోతే తన టోపీ సూదితో దానిని శుభ్రం చేసినట్టు చెప్తారు. పెట్రోలు రాని చోటు ఏదో గుర్తించి, అక్కడి అడ్డు తొలగించిన ఆ ఇల్లాలినే తొలి మోటారు మెకానిక్కు అనవచ్చు. 1893 ప్రాంతాన జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్, హంగేరీలో దొనాత్ బాంకి, యానోష్ చోంక అనే ఇంజనీర్లు పెట్రోలును సన్నని రంధ్రం గుండా తుంపరగా చిమ్మే కార్బురేటరును రూపొందించినారు. గాలిని పీల్చే వేగమే పెట్రోలును తనతో లాగుకొనిపోయే ఈ పరికరం ఆ తరువాత సుమారు తొంభై ఏళ్లు పెట్రోలు బండ్లను ఏలినది.

1908లో హెన్రీ ఫోర్డు మోడల్ టి బండిని విడుదల చేసినాడు. 1925 ఏప్రిల్‌లో అదే బండికి వెనుక ఇనుప తొట్టి బిగించి, 281 డాలర్ల వెలకు కార్ఖానా నుండే అమ్మసాగినాడు. అంతకుముందు రైతులు కారు కొని వెనుక భాగం తామే కోసి తొట్టి కట్టించుకొనేవారు. ఆ బండిని చలి ఉదయాన లేపడం ఒక తంతు. హ్యాండిలు వేసి తిప్పేవాడు ముందుగా స్టీరింగు కింది ఎడమ మీటను వెనుకకు నెట్టి, నిప్పురవ్వ ఆలస్యంగా పుట్టేటట్టు చేయవలె. తరువాత బండి ముందుకు వచ్చి, రేడియేటరు కింద బయటికి పొడుచుకొని వచ్చిన తీగ కొక్కెం లాగవలె. ఆ తీగ కార్బురేటరులోని గాలిదారిని మూసివేస్తుంది. గాలి తగ్గి పెట్రోలు ఎక్కువగా లోనికి పోతుంది. గొంతు నొక్కినట్టు గాలి ఆపుతుంది గనుక దానికి చోకు అని పేరు వచ్చినది. కొక్కెం లాగి ఉంచి రెండు మూడు చుట్లు తిప్పి, వదిలి, మరల తిప్పవలె. మరీ చలిగా ఉంటే గొట్టాల మీద వేడినీళ్లు పోసేవారు. నూనె చిక్కబడి గేరుపెట్టె పట్టుకొంటుందని వెనుక చక్రం ఒకటి జాకీతో లేపేవారు.

ఎడమ మీట సంగతి మరచినవానికి శిక్ష తప్పేది కాదు. నిప్పురవ్వ ముందుగా పుడితే ఇంజను వెనుకకు తన్ని, హ్యాండిలు పట్టుకొన్న చేతిని విరిచివేసేది. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల వైపే ఉంచి పట్టుకోవలెనని పెద్దలు నేర్పేది ఇందుకే. 1912 నమూనా కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ తయారు చేసిన విద్యుత్ స్టార్టరు వచ్చినది. మన డ్రైవర్లు సెల్ఫ్ అనే పరికరం ఇదే. మోడల్ టికి అది 1919లో గాని రాలేదు. అప్పుడైనా వేరే వెల ఇస్తేనే. సెల్ఫ్ వచ్చిన తరువాత చేతులు విరగడం తగ్గినది. కాని ఇంజనును తిప్పే పని మాత్రమే అది తీర్చినది. తిరిగిన ఇంజనుకు పెట్రోలు ఎంత పోయవలెనన్న ప్రశ్న డ్రైవరు చేతిలోనే మిగిలినది.

పైగా ఆ ప్రశ్న నానాటికి కఠినమైనది. తొలి దినాలలో అమ్మిన పెట్రోలు తేలికగా ఆవిరయ్యే రకం. మోటార్ల సంఖ్య పెరిగి గిరాకీ హెచ్చడంతో శుద్ధి కర్మాగారాలు బరువైన భాగాలను కూడా కలిపి అమ్మసాగినవి. అవి చలిలో ఆవిరి కావు. మొదటి ప్రపంచయుద్ధ కాలానికి చలి ఉదయపు బాధ ఎక్కువైనది. చోకు మరచి అలాగే నడిపితే ఆవిరి కాని పెట్రోలు సిలిండరు గోడల వెంట దిగి అడుగున ఉన్న ఇంజనాయిలులో కలిసేది. నూనె పలచబడి బేరింగులు అరిగేవి. ఇందుకు విరుగుడుగా ఇంజనీర్లు పొగగొట్టపు వేడిని లోనికి పోయే గాలిదారి అడుగుకు తగిలేటట్టు ఏర్పాటు చేసినారు. అయినప్పటికీ ఆ కాలపు డ్రైవరుకు చెవే ఆధారం. ఇంజను దడదడలాడుతూ నల్లని పొగ వదిలితే చోకు ఎక్కువైనది. ఫట్టుమని ముందుకు తన్ని ఆగిపోతే తక్కువైనది. ఈ స్వరజ్ఞానం పుస్తకాలలో నేర్చినది కాదు.

1930ల తొలి సంవత్సరాలలో అమెరికా కార్లకు ఆటోమేటిక్ చోకు వచ్చినది. రెండు లోహాల రేకులను అతికించి చుట్టగా చుట్టిన స్ప్రింగు దాని ప్రాణం. వేడికి ఒక లోహం ఎక్కువగా, ఒకటి తక్కువగా సాగడం వల్ల ఆ చుట్ట వేడెక్కితే విప్పుకొంటుంది, చల్లబడితే ముడుచుకొంటుంది. చలిలో ముడుచుకొని చోకు మూస్తుంది. పొగగొట్టం నుండి సన్నని నాళం ద్వారా వచ్చే వేడికి విప్పుకొని చోకు తెరుస్తుంది. దానికి తోడు మెట్లు మెట్లుగా చెక్కిన చిన్న బిళ్ల ఒకటి ఇంజను వడిని చల్లని వేళ పెంచి, వేడెక్కగానే దించుతుంది. మనిషి చెవి చేసే పనిని స్ప్రింగు చేతికి అప్పగించడం ఇది మొదటిసారి. పికప్ బండ్లలో మాత్రం ఖర్చు తగ్గించుకొనేందుకు, మరమ్మతు సులువుగా ఉండేందుకు చేతితో లాగే చోకు ఇంకా కొన్ని దశాబ్దాలు నిలిచినది.

స్ప్రింగు వచ్చినది గనుక స్ప్రింగు రోగాలు కూడా వచ్చినవి. వేడి తెచ్చే నాళం తుప్పుపట్టి మూసుకొంటే చోకు తెరుచుకోక బండి మధ్యాహ్నం దాకా నల్లపొగ వదిలేది. చోకు ఇరుసుకు జిగురు పట్టి తెరచినది తెరచినట్టే ఉండిపోతే చలిలో అంటుకొనేదే కాదు. ఆనాటి మెకానిక్కు ఉదయాన్నే గాలి వడపోత మూత తీసి, చోకు రేకు మూసి ఉన్నదా అని కంటితో చూసేవాడు. ఇంజను అంటుకోగానే అది సన్నగా తెరచుకొన్నదా, ఐదు నిమిషాలకు పూర్తిగా లేచినదా అని చూసేవాడు. అంతటితో సగం రోగం తెలిసేది.

ఇంతలో కథ ఇంజను మూత దాటి ఆకాశానికి ఎక్కినది. లాస్ ఏంజలిస్ నగరంలో 1943 నుండి గోధుమరంగు పొగమంచు కమ్మి ప్రజల కళ్లు మండసాగినవి. పాసడీనాలో రసాయన శాస్త్రాచార్యుడైన ఏరీ హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో దాని కారణం తేల్చినాడు. మోటారు బండ్లు వదిలే మండని పెట్రోలు ఆవిరి, నత్రజని ఆమ్లజనితో కలిసి ఏర్పడే వాయువులు సూర్యరశ్మిలో చర్య పొంది ఈ విషపు మంచు పుడుతున్నదని ఆయన నిర్ణయం. అంతవరకు చోకు పొగ డ్రైవరు సొంత వ్యవహారం. అప్పటినుండి అది ఊరి అందరి ఊపిరి వ్యవహారమైనది. కాలిఫోర్నియా రాష్ట్రం 1966 నమూనా కార్లకు పొగ పరిమితులు విధించినది. 1970లో అమెరికా కాంగ్రెసు ఆమోదించిన స్వచ్ఛ వాయు చట్టం కార్ల కాలుష్యాన్ని 90 శాతం తగ్గించవలెనని శాసించినది.

ఆ శాసనం నెరవేర్చడానికి 1975 నమూనా కార్లలో కాటలిటిక్ కన్వర్టరు ప్రవేశించినది. పొగగొట్టం దారిలో ఉండే ఈ డబ్బాలో ప్లాటినం వంటి లోహాల పూత ఉంటుంది. మండని పెట్రోలును అది మండిస్తుంది. అయితే 250, 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చేరేదాకా అది పని ప్రారంభించదు. బండి అంటుకొన్న తొలి నిమిషం రెండు నిమిషాలలో పెట్రోలు అధికంగా పోస్తాము. సరిగా ఆ వేళనే దానిని శుద్ధి చేసే పరికరం నిద్రలో ఉంటుంది. అందుచేతనే ప్రభుత్వ పరీక్షలో బండిని కనీసం పన్నెండు గంటలు చల్లారనిచ్చి తరువాత నడిపిస్తారు. ఆ పరీక్షలో ఈనాటి బండి వదిలే మండని పెట్రోలులో అత్యధిక భాగం ఆ తొలి నిమిషాలదే.

1970ల బండ్లు ఈ ఒత్తిడికి నలిగినవి. కార్బురేటరు ద్వారా పోసే పెట్రోలును కోసివేసినారు. చోకు త్వరగా తెరచుకొనేటట్టు చేసినారు. కొంత పొగను మరల సిలిండరులోకి పంపే ఇ.జి.ఆర్. కవాటం చేర్చినారు. వీటిని నడపడానికి పదుల సంఖ్యలో సన్నని రబ్బరు గొట్టాలు ఇంజను మీద అల్లుకొన్నవి. ఒక్క గొట్టం పగిలినా పాళ్లు తప్పేవి. చలి ఉదయాన వణకడం, కాలు నొక్కగానే ఆగిపోవడం ఆ దశాబ్దపు బండ్ల సహజ లక్షణమైనది. పికప్ బండ్లకు నిబంధనలు కొంత సడలించినారు. 6,000 పౌండ్లకు మించిన బరువు తరగతి బండ్లకు కన్వర్టరు అక్కరలేదన్న వెసులుబాటును ఆధారం చేసుకొనే ఫోర్డు సంస్థ 1975లో ఎఫ్-150 అనే బండిని తెచ్చినది. ఆ సంఖ్యతో ఉన్న బండి నేటికీ అమ్ముడవుతున్నదంటే, దాని పుట్టుకకు చలి ఇంజను పొగ కూడా ఒక కారణమని చాలామందికి తెలియదు.

స్ప్రింగుల వల్ల, గొట్టాల వల్ల కాని పనిని చివరకు విద్యుత్తు సాధించినది. స్వీడను దేశపు వోల్వో సంస్థ 1977 నమూనా కార్లలో బాష్ సంస్థ తయారు చేసిన ఆక్సిజన్ సెన్సారును అమర్చినది. పొగలో మిగిలిన ఆమ్లజనిని బట్టి పెట్రోలు ఎక్కువైనదా తక్కువైనదా చెప్పే పరికరమిది. దాని మాట విని ఒక చిన్న కంప్యూటరు పెట్రోలును సవరిస్తుంది. కార్బురేటరు స్థానంలో, విద్యుత్తుతో తెరచి మూసే సూదుల ద్వారా పెట్రోలు చిమ్మే ఇంజెక్షను పద్ధతి వచ్చినది. ఎఫ్-150 బండిలో అది 1985 నాటి ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో ఆరంభమైనది. 1980ల చివరికి అమెరికా పికప్ బండ్లలో కార్బురేటరు దాదాపు అంతరించినది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆక్సిజన్ సెన్సారు కూడా సుమారు 300 డిగ్రీల వేడి చేరితే గాని పలకదు. పాత వాల్వు రేడియో మీట తిప్పగానే పలికేది కాదు; వాల్వులు ఎర్రబడేదాకా ఇంటిల్లిపాదీ ఆగేవారు. అదే విధంగా ఉదయపు తొలి క్షణాలలో కంప్యూటరుకు సెన్సారు నుండి ఏ వార్తా రాదు. అది చీకటిలో నడుస్తున్నట్టే లెక్క. అప్పుడు దానికి ఆధారం ఇంజను నీటి వేడిని కొలిచే మరొక చిన్న సెన్సారు చెప్పే మాట, కార్ఖానాలో వ్రాసి పెట్టిన పట్టిక. నీరు 5 డిగ్రీలుంటే ఇంత, 40 డిగ్రీలుంటే ఇంత అని ఆ పట్టిక చెప్తుంది. పాళ్లలో చిన్న తప్పు ఉంటే వేడెక్కిన తరువాత ఆక్సిజన్ సెన్సారు మేలుకొని దానిని కప్పిపుచ్చుతుంది. చలిలో కప్పిపుచ్చేవారు లేరు. ఉదయం వణికి రెండు నిమిషాలకు సర్దుకొనే ఇంజను రహస్యం చాలాసార్లు ఇదే. రోగం రోజంతా ఉన్నది; ఉదయం మాత్రమే దాని ముసుగు జారినది.

1996 నుండి అమెరికాలో అమ్మే కార్లన్నింటికి, చిన్న ట్రక్కులన్నింటికి ఓ.బి.డి.-2 అనే స్వయంపరీక్షా పద్ధతి తప్పనిసరి అయినది. ఏ సిలిండరు వంతు తప్పినదో కంప్యూటరే లెక్కించి, సంకేత సంఖ్యగా దాచి పెడుతుంది. పి-0300 అంటే అక్కడక్కడ మిస్సింగ్. పి-0301 అంటే మొదటి సిలిండరులో మిస్సింగ్. పి-0171 అంటే ఒక వరుస సిలిండర్లకు గాలి పాలు ఎక్కువ అని అర్థం. ఇది గొప్ప సదుపాయమే. కాని సంఖ్య చెప్పేది లక్షణం మాత్రమే. జ్వరం 102 డిగ్రీలని థర్మామీటరు చెప్తుంది గాని మలేరియానా టైఫాయిడా చెప్పదు. సంఖ్య చూసిన మరుక్షణం ఆక్సిజన్ సెన్సారును, దాని తరువాత ప్లగ్గులను, దాని తరువాత కాయిల్‌ను మార్చి, చివరకు రూపాయి ఖరీదు చేయని రబ్బరు గొట్టం దగ్గర రోగం తేలిన సందర్భాలు ఏ దేశపు షెడ్డులోనైనా వింటాము.

ఇక రోగనిర్ణయం ఎలా చేయవలెనో చూద్దాము. 1990ల నడుమ తయారైన ఆరు సిలిండర్ల పెట్రోలు పికప్పును ఉదాహరణగా తీసుకొందాము. ఉదయం అంటుకొంటుంది, వెంటనే వడి పడిపోయి వణకుతుంది, మూడు నిమిషాలకు నిమ్మళిస్తుంది. మొదటి నియమం, రాత్రంతా షెడ్డులోనే బండిని నిలిపి ఉదయం మెకానిక్కు స్వయంగా లేపవలె. వేడి ఇంజను ఏమీ చెప్పదు. రెండవ నియమం, బండి ఆరుబయట ఉండవలె. తలుపులు మూసిన గదిలో చల్లని ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిమిషాలలో ప్రాణం తీస్తుంది. ఈ విషయంలో ఉపేక్ష పనికిరాదు.

స్టార్టు చేయకముందే ఒక సులువైన పరీక్ష ఉన్నది. తాళం తిప్పి, పరీక్షా యంత్రంలో ఇంజను నీటి వేడి, లోనికి పోయే గాలి వేడి ఎంత చూపుతున్నవో చదవవలె. రాత్రంతా నిలిచిన బండిలో రెండూ బయటి చలికి సమానంగా ఉండి తీరవలె. బయట 5 డిగ్రీలుండగా నీటి సెన్సారు 60 అని చెప్తే అది అబద్ధమాడుతున్నది. ఇంజను వేడిగా ఉన్నదని నమ్మి కంప్యూటరు పెట్రోలు తగ్గిస్తుంది. పూర్వం జిగురు పట్టి తెరుచుకొనిపోయిన చోకు చేసిన పనే ఇది. రూపం మారినది, రోగం అదే. చౌకైన ఆ సెన్సారును, దాని తీగ కొనలను సరిచేస్తే చాలు.

తరువాత ఇంజను లేపి వినవలె. సమమైన లయలో ఒక్క దెబ్బ తప్పుతున్నట్టు వినిపిస్తే ఒకే సిలిండరు మీద అనుమానం. దాని ప్లగ్గు, తీగ, ఇంజెక్టరు చూడవలె. చీకటిలో మూత ఎత్తి చూస్తే చెడిన తీగ మీద నీలిరవ్వలు ఆడడం కంటికే కనిపిస్తుంది. చెమ్మ ఉన్న ఉదయాలలో ఇది మరీ స్పష్టం. అలా కాక, ఇంజను మొత్తం ఎగసి పడుతూ ఉంటే గాలి, పెట్రోలు పాళ్ల మీద అనుమానం. ఆక్సిలేటరు కొంచెం తొక్కగానే సర్దుకొంటే ఐడ్లింగ్ గాలిని వదిలే చిన్న కవాటం మసిపట్టి ఉండవచ్చు. పూర్వపు మెట్ల బిళ్ల పనిని చేసేది ఈ కవాటమే. 2000 తరువాతి బండ్లలో చాలావాటికి ఇది వేరుగా లేదు. ప్రధాన గాలిదారి రేకునే మోటారు తిప్పుతుంది. ఆ రేకు అంచుకు పట్టిన మసి తుడిచి, కంప్యూటరు కొత్త స్థితిని నేర్చుకొనేదాకా వేచి ఉండవలె.

గాలి లీకు సంగతి వేరుగా చెప్పుకోదగినది. ఎండిన రబ్బరు గొట్టాలు, సిలిండరు తలకు గాలిగొట్టానికి నడుమ ఉండే గాస్కెట్లు చలిలో ముడుచుకొని సందు ఇస్తాయి. వేడికి ఉబ్బి మూసుకొంటాయి. ఉదయం మాత్రమే బాధపెట్టే లోపాలలో ఇది ప్రసిద్ధం. చెవికి బుసకొట్టే శబ్దం వినిపించవచ్చు. గొట్టాలలోకి పొగ పంపి ఎక్కడ బయటికి వస్తున్నదో చూసే యంత్రం అన్నిటికంటె నమ్మకమైనది. మండే ద్రవం చల్లి వెదకే పాత అలవాటు వేడెక్కిన ఇంజను మీద నిప్పుతో చెలగాటం.

పెట్రోలు వైపు రెండు లోపాలు సాధారణం. రాత్రి ఒత్తిడి దిగిపోతే ఉదయం పంపు మొదటినుండి నింపవలసి వస్తుంది. తాళం రెండు మూడుసార్లు తిప్పి, పంపు శబ్దం విని, ఆ తరువాత లేపితే వెంటనే అంటుకొన్నదంటే లోపం ఆ దారిలోనే ఉన్నది. ఇంజెక్టరు కారుతుంటే రాత్రంతా చుక్కలు పడి, ఉదయం తొలి క్షణంలో నల్లపొగ, పెట్రోలు వాసన వస్తాయి. మరొక విచిత్రమైన కారణం, కవాటాల వెనుక గట్టిపడిన మసి. అది స్పంజివలె పెట్రోలును పీల్చి దాచుకొంటుంది. తాను తడిసేదాకా సిలిండరుకు ఇవ్వదు. 1980లలో ఈ రోగం విరివిగా కనిపించిన తరువాత, 1995 నుండి అమెరికా పెట్రోలులో శుభ్రపరచే రసాయనం కలపడం తప్పనిసరి చేసినారు.

ఉదయం తెల్లని పొగ దట్టంగా వచ్చి తియ్యని వాసన వేస్తే, రేడియేటరు నీరు తగ్గుతూ ఉంటే, అది వేరే రోగం. తల గాస్కెట్టు సందులో నుండి రాత్రిపూట నీరు ఒక సిలిండరులోకి దిగుతున్నది. ఇది ఆలస్యం చేయరానిది. అదే విధంగా వేగం మీద హెచ్చరిక దీపం మిణుకు మిణుకుమంటే ఆ మిస్సింగ్‌ను ఉపేక్షించరాదు. మండని పెట్రోలు కన్వర్టరులోకి చేరి అక్కడ మండి, దాని లోపలి పూతను కరిగిస్తుంది. ప్లగ్గు తీగతో పోవలసిన ఖర్చు పదింతలవుతుంది. మరొక మాట కూడా చెప్పవలె. కొత్త బండ్లలో అంటుకోగానే ఇంజను 1,200 చుట్ల ప్రాంతంలో గట్టిగా తిరగడం రోగం కాదు. నిప్పురవ్వను ఆలస్యం చేసి, కన్వర్టరును త్వరగా వేడిచేయడానికి తయారీదార్లు కావాలని చేసిన ఏర్పాటు అది. మోడల్ టి రైతు చేతి ఎముక కాపాడుకొనేందుకు ఆలస్యం చేసిన నిప్పురవ్వనే ఈనాడు ఊరి ఊపిరి కాపాడేందుకు కంప్యూటరు ఆలస్యం చేస్తున్నది.

మన ప్రాంతానికి ఈ కథతో సంబంధం లేకపోలేదు. మన రోడ్ల మీద సరుకు మోసే పికప్పులు ఎక్కువగా డీజిలువి. వాటికి ప్లగ్గు రవ్వ లేదు గనుక చలిలో గ్లో ప్లగ్గుల వేడి, ఇంజెక్టర్ల స్థితి చూసుకోవలె. కాని చోకు మాత్రం మన ఇళ్లకు సుపరిచితం. ఆదిలాబాద్ చలిలో, లంబసింగి మంచులో మోటారుసైకిలు చోకు లేపి కిక్కు కొట్టినవారు మన శ్రోతలలో ఎందరో ఉన్నారు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నియమాలు అమలై, కొత్త మోటారుసైకిళ్లలో దాదాపు అన్నింటికి ఇంజెక్షను రావడంతో ఆ మీట కనుమరుగైనది. అమెరికాలో మిషిగన్ వంటి చలిప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారికి పెట్రోలు పికప్పు ఇంటి బండే. చేతి మీట పోయినా, ఆ మీట నడిపిన చేతికి తెలిసిన జ్ఞానం పోగొట్టుకోవలసిన పని లేదు.

అందుచేత బండి యజమానులకు మేము విన్నవించేది ఇంతే. ఉదయం ఇంజను వణికిన రోజున బయట చలి ఎంత, ఎన్ని నిమిషాలకు కుదుటపడినది, పొగ రంగు ఏమిటి, కాలు తొక్కితే సర్దుకొన్నదా లేదా అన్న నాలుగు సంగతులు ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. బండితో పాటు ఆ కాగితం మెకానిక్కు చేతికి ఇవ్వండి. తాను చూడని ఆ తొలి రెండు నిమిషాలు దానిలో ఆయనకు కనిపిస్తాయి. ఏ సామాను మార్చనక్కరలేదో కూడా అందులోనే తెలుస్తుంది.